ఆకాశం చూసివచ్చిన కాగితం

కాశీకి వెళ్ళి వచ్చినవారు ఇంటింటికీ నల్లదారం పంచే ఆచారాన్ని మనవాళ్ళు ఏ రాష్ట్రంలో స్థిరపడినా వదల్లేదు. అటువంటి దారం వీధి చివరి కొట్టులోనూ దొరుకుతుంది. అయినా కొట్టు దారానికి లేని గౌరవం కాశీ దారానికి ఉంది. అది వెళ్ళి వచ్చింది కనుక. గంగ చెంబు సంగతీ అంతే. రాగి చెంబుకు వేసిన సీలు ఒకసారి ఊడిందంటే లోపలివి గంగనీళ్ళో ఊరిచెరువు నీళ్ళో తేల్చి చెప్పగలవారు లేరు. కొన్ని వస్తువులకు విలువ అవి చేసిన ప్రయాణం వల్ల వస్తుంది. ఆ ప్రయాణానికి సాక్ష్యం ఉన్నంతకాలమే ఆ విలువ నిలుస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో మనిషి కాశీకంటె చాలా దూరం పోయి రావడం నేర్చాడు. అక్కడికి వెళ్ళినవారు కూడా బంధుమిత్రులకు పంచడానికి ఏదో ఒకటి మూట కట్టుకునే వెళ్ళారు. నాణేలు, జెండాలు, పతకాలు, తపాలా కవర్లు, విత్తనాలు. వేలంపాటల్లో లక్షల డాలర్లు పలికే సామగ్రి గురించి పత్రికలు రాస్తూనే ఉంటాయి. నేను చెప్పదలచింది చిన్నసరుకు గురించి, అంటే నెలజీతగాడు కూడా ఒకటి కొని బీరువాలో దాచుకోగలిగిన వాటి గురించి. సరుకు చిన్నదే కాని దాని చరిత్రలో ఒక పెద్ద తగాదా ఉంది. ప్రజల సొమ్ముతో జరిగిన యాత్రలోంచి తెచ్చిన గుర్తు ఎవరిది? దాన్ని కానుకగా ఇవ్వడం వరకేనా, అమ్ముకోవచ్చునా? అమ్మితే ఆ లాభం ఎవరి ఖాతాలో పడాలి? ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో జమాఖర్చులు చూస్తున్నవాణ్ణి కనుక నా చూపు ముందు అటే పోతుంది.

మొదటి కథ చిల్లరడబ్బులది. 1961 జూలై 21న గస్ గ్రిసమ్ అనే అమెరికన్ వ్యోమగామి లిబర్టీ బెల్ 7 అనే చిన్న నౌకలో అంతరిక్షంలోకి ఎగిరి, పదిహేను నిమిషాలలో అట్లాంటిక్ సముద్రంలో దిగాడు. స్నేహితుల పిల్లలకు పంచుదామని యాభై డైములున్న చుట్టలు రెండు వెంట తీసుకువెళ్ళాడు. డైము అంటే పది సెంట్ల నాణెం. మన పాత బేడకాసు వంటిదనుకోండి. దిగిన కాసేపటికే నౌక తలుపు ఊడిపోయి లోపలికి నీళ్ళు వచ్చాయి. గ్రిసమ్ సముద్రంలోకి దూకాడు. సూటులోకి నీరెక్కి మునిగిపోబోతూండగా హెలికాప్టరువారు పైకి లాగారు. ఆ నూరు నాణేలూ కలిపి పావుకిలో తూగుతాయి. ఒడ్డున పావుకిలో అంటే లెక్కలేదు గాని నడిసముద్రంలో ప్రాణం మీదికి వచ్చినవాడికి అదీ బరువే. నౌక మునిగిపోయింది. 1999లో నాలుగున్నర కిలోమీటర్లకు పైగా లోతునుంచి దాన్ని వెలికితీసినప్పుడు లోపలి బురదలో మరికొన్ని డైములు కనబడ్డాయి.

నాణెం ఎంచుకోవడంలో ఒక చిక్కు ఉంది. నాణెం మీద ఏ సంవత్సరంలో ముద్రపడిందో ఉంటుంది. ఎక్కడికి వెళ్ళి వచ్చిందో ఉండదు. ఆ పిల్లల్లో ఒకడు తన డైమును తీసుకుపోయి మిఠాయి కొనుక్కున్నాడంటే, మర్నాటికి అది ఊరి నగదులో కలిసిపోతుంది. ఇక ఏ క్యాషియరూ దాన్ని గుర్తుపట్టలేడు. అందుకే తర్వాతి కాలంలో ఇటువంటి గుర్తులకు కాగితం ముఖ్యమైంది. తపాలా కవరుకు ఈ విషయంలో ఒక సౌలభ్యం ఉంది. దాని మీద ఊరూ తేదీ పడ్డ ముద్ర ఉంటుంది. అంటే వస్తువూ దస్తావేజూ ఒక్కటే.

అంతరిక్షంలో మొదటి ఉత్తరాల బట్వాడా చేసినవారు సోవియట్లు. 1969 జనవరి 16న సోయుజ్ 4, సోయుజ్ 5 నౌకలు ఒకదానితో ఒకటి కలిశాయి. సోయుజ్ 5లోని యెలిసేయెవ్, ఖ్రునోవ్ ఇద్దరూ బయటికి వచ్చి శూన్యంలోంచి సోయుజ్ 4లోకి మారారు. అక్కడ ఒంటరిగా ఉన్న షతాలోవ్‌కు ఆయన బయలుదేరిన తర్వాత వచ్చిన ఉత్తరాలూ వార్తాపత్రికలూ అందించారు. ఏ ఊరి పోస్టుమాన్ అయినా అంత ఎత్తున, అంత వేగంలో ఉత్తరం అందించి ఉండడు.

అమెరికాలో ఇదే కాలంలో పతకాల పద్ధతి వచ్చింది. 1968లో అపోలో 7 నుంచి ప్రతి యాత్రకూ మసాచుసెట్స్‌లోని రాబిన్స్ కంపెనీ వెండి పతకాలు చేసి ఇచ్చేది. అవి వ్యోమగాములు మాత్రమే కొనుక్కునేవి. 1971లో అపోలో 14 నాటికి వ్యాపారం అడుగుపెట్టింది. ఫ్రాంక్లిన్ మింట్ అనే ప్రైవేటు టంకశాల చేసిన 200 వెండి పతకాలు ఆ నౌకలో చంద్రుడి దాకా పోయి వచ్చాయి. వాటిలో కొన్నింటిని ఆ కంపెనీ కరిగించి, ఎక్కువ వెండిలో కలిపి, చిన్నచిన్న బిళ్ళలుగా పోసి తన చందాదారులకు ఇచ్చింది. గంగాళం నీళ్ళలో ఒక ఉద్ధరిణె గంగ కలిపి ఊరంతటికీ తీర్థం పోసినట్లన్నమాట. దీన్ని చూసి కొందరు నవ్వారు, చట్టసభలో కొందరు కోపగించారు. నాకు మాత్రం అందులో తీర్థం పుచ్చుకోవడానికి చెయ్యి చాచినవారి ఆశే ముందు కనబడుతుంది.

అదే పద్ధతి మర్యాదగా జరిగిన చోటూ ఉంది. అపోలో 11 నౌకల లోహం కలిపి పోసిన పతకాలను ఆ యాత్ర కోసం పనిచేసిన ఉద్యోగులకూ కంపెనీల కార్మికులకూ నాసా కృతజ్ఞతగా పంచింది. బోల్టులు బిగించినవారికి, టైపు కొట్టినవారికి, లెక్కలు రాసినవారికి. చంద్రుడి మీద అడుగుపెట్టింది ఇద్దరు. వెనక పనిచేసింది లక్షలమంది. ఆ పతకాలు ఎక్కువ సంఖ్యలో ఉన్నందువల్ల ఈనాటికీ సామాన్యుడికి అందే ధరలోనే దొరుకుతాయి.

ఇక అసలు తగాదాకు వద్దాం. 1971 జూలై 26న అపోలో 15 బయలుదేరింది. డేవిడ్ స్కాట్, ఆల్‌ఫ్రెడ్ వర్డెన్, జేమ్స్ ఇర్విన్ అందులో వెళ్ళారు. నాసా అనుమతితో కొన్ని కవర్లు నౌకలో ఉన్నాయి. వాటితోపాటు అనుమతి లేని కవర్లు 398 స్కాట్ సూటు జేబులో నౌకలోకి ఎక్కాయి. అవి చంద్రతలం దాకా పోయి తిరిగివచ్చాయి. బయలుదేరిన రోజు కెనెడీ కేంద్రం ముద్రా, ఆగస్టు 7న సముద్రంలో దిగాక తమను ఎక్కించుకున్న ఒకినావా ఓడ మీది తపాలా కార్యాలయం ముద్రా వాటిమీద పడ్డాయి. ఇందులో మరొక విశేషం. అదే యాత్రలో స్కాట్ చంద్రుడి మీద నిలబడి, టెలివిజన్‌లో లోకమంతా చూస్తూండగా, అమెరికా తపాలాశాఖ తరఫున ఒక కొత్త బిళ్ళమీద ముద్రవేశాడు. ఒక చేతిమీదుగా సర్కారు ముద్ర, అదే మనిషి జేబులో సర్కారుకు తెలియని కట్ట.

ఆ కట్టలో నూరు కవర్లు ముందే కుదిరిన ఒప్పందం ప్రకారం జర్మనీకి చెందిన హెర్మన్ సీగర్ అనే బిళ్ళల వర్తకుడికి చేరాయి. ప్రతిఫలంగా ముగ్గురు వ్యోమగాములకూ తలా 7,000 డాలర్లు బ్యాంకు ఖాతాల్లో పడాలి. పిల్లల చదువులకని వారి ఉద్దేశం. అపోలో కార్యక్రమం ముగిసేదాకా అమ్మకానికి పెట్టకూడదని వారు అనుకున్నారు. వర్తకుడు ఆగలేదు. ఆ సంవత్సరమే కవరు ఒక్కటి 4,850 మార్కులకు, అంటే సుమారు 1,500 డాలర్లకు, 99 కవర్లు అమ్మేశాడు.

ఇక్కడ ఒకసారి లెక్క వేసి చూడండి. ముగ్గురికీ కలిపి 21,000 డాలర్లు. నూరు కవర్లకు విభజిస్తే కవరుకు 210. అమ్మకం ధర 1,500. ప్రాణాలు పణంగా పెట్టి చంద్రుడి దాకా మోసుకుపోయినవారి వాటా ఏడో వంతు. బల్ల వెనక కూర్చుని అమ్మినవాడి వాటా మిగతా ఆరువంతులు. పొగాకు రైతుకూ దళారీకీ మధ్య మనం చూసే లెక్క ఇదే. అందులోనూ ఆ ఏడో వంతు కూడా వారికి దక్కలేదు. సంగతి బయటపడేలోపే వారు ఆ డబ్బును వెనక్కి ఇచ్చేశారు.

డబ్బు తిరిగిపోయినా మచ్చ తిరిగిపోలేదు. 1972లో నాసా ముగ్గురినీ మందలించింది. అపోలో 17కు ప్రత్యామ్నాయ బృందంగా ఉన్న వారిని ఆ బాధ్యతనుంచి తప్పించింది. మిగిలిన 298 కవర్లనూ స్వాధీనం చేసుకుంది. నేరం చేశారని వారిమీద ఏ కోర్టులోనూ కేసు పెట్టలేదు. అయినా ముగ్గురిలో ఎవరూ మళ్ళీ అంతరిక్షంలోకి వెళ్ళలేదు. చంద్రుడి మీద మోటారుబండి నడిపిన మొదటివారు స్కాట్, ఇర్విన్‌లే. చంద్రుడిచుట్టూ ఒంటరిగా తిరిగి, తిరుగుదారిలో భూమికి లక్షల కిలోమీటర్ల దూరాన నౌక బయటికి వచ్చి పనిచేసినవాడు వర్డెన్. ఇంత చేసినవారి పేరు చెప్పగానే చాలామందికి కవర్ల గొడవ గుర్తుకు రావడం విచారించదగ్గ విషయం.

వారు చేసినది సరైన పని అని నేను అనను. ప్రభుత్వ వాహనంలో సొంత సరుకు వేసుకోవడం ఏ దేశంలోనైనా నిబంధనలకు విరుద్ధమే. కాని శిక్షకు కారణం సరుకు మోయడమా, ధర చెప్పడమా అన్నది ఆలోచించాలి. అంతకుముందు యాత్రల్లో వ్యోమగాములు పతకాలూ జెండాలూ కవర్లూ తీసుకువెళ్ళినా ఇంత రభస జరగలేదు. కానుకగా ఉన్నంతవరకు ముద్దు. ధర చీటీ అంటించగానే అదే వస్తువు మురికైపోయింది. తర్వాత నాసా నిబంధనలు బిగించింది. షటిల్ కాలంలో ఒక్కొక్క వ్యోమగామి వెంట తీసుకుపోగల సొంత గుర్తులు ఇరవైకి మించకూడదు, బరువు ఒకటిన్నర పౌన్లు దాటకూడదు. అవి అమ్మకానికి పెట్టకూడదు. తపాలా బిళ్ళలూ నాణేలూ స్వభావరీత్యా వ్యాపారానికి లొంగే వస్తువులు కనుక వాటికి అనుమతి లేదు.

ఆ నిబంధన సిరా ఆరి ఎంతో కాలం కాకముందే ప్రభుత్వమే స్వయంగా దుకాణం తెరిచింది. 1983 ఆగస్టు 30న చాలెంజర్ షటిల్ ఎనిమిదో షటిల్ యాత్రకు బయలుదేరింది. షటిల్ రాత్రివేళ ఎగరడం అదే మొదలు. రిచర్డ్ ట్రూలీ నాయకుడు. అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ గయన్ బ్లూఫర్డ్ ఆ బృందంలోనే ఉన్నాడు. ఆ నౌక సరుకుల గదిలో తపాలాశాఖ, నాసా ఉమ్మడిగా పంపిన కవర్లు రెండు లక్షల అరవై వేలకు పైగా ఉన్నాయి. పెట్టెల్లోనూ డబ్బాల్లోనూ కుక్కి బిగించారు. ప్రతి కవరు మీదా 9 డాలర్ల 35 సెంట్ల బిళ్ళ అంటించి ఉంది. సెప్టెంబరు 5న ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో దిగాక ఆ ఊరి ముద్ర వేసి, ఒక్కొక్కటి 15 డాలర్ల 35 సెంట్లకు టపాలో అమ్మారు. ఆనాటి మారకంలో మన నూట యాభై అయిదు రూపాయల పైమాట. మొత్తం అమ్మకం దాదాపు నలభై లక్షల డాలర్లు. లాభం ఇద్దరికీ పంచుకునే ఏర్పాటు.

వర్డెన్ ఇది చూసి ఊరుకోలేదు. మేము నాలుగు వందల కవర్లు తీసుకుపోతే తప్పయింది, మీరు రెండు లక్షల అరవై వేలు తీసుకుపోతే ఒప్పయిందా అని అడగడానికి ఆయనకు హక్కుంది. ఆ సంవత్సరమే కోర్టుకెక్కాడు. ప్రభుత్వం వాదనకు నిలబడకుండా రాజీపడి, స్వాధీనం చేసుకున్న కవర్లను వ్యోమగాములకు తిరిగి ఇచ్చేసింది. పదకొండేళ్ళకు సరుకు వచ్చింది. పోయిన ఉద్యోగపు మర్యాదను ఏ కోర్టూ తిరిగి జమ చెయ్యలేదు.

మన పాఠకులకు ఆ 1983 యాత్రలో మరొక సంబంధం ఉంది. ఆ కవర్ల డబ్బాలున్న గదిలోనే మన ఇన్సాట్ 1బి ఉపగ్రహం ప్రయాణం చేసింది. అంతకు ముందు ఏడు ఏప్రిల్‌లో పంపిన ఇన్సాట్ 1ఎ అయిదు నెలలకే చెడిపోయి దేశమంతా నిరాశలో ఉన్నరోజులవి. బయలుదేరిన మర్నాడు 1బిని చాలెంజర్ బయటికి వదిలింది. దాని సౌరఫలకం సరిగా విచ్చుకోక మన ఇంజనీర్లకు కొన్ని వారాలు నిద్రలేదు. అక్టోబరు నాటికి అది పనిలోకి వచ్చింది. ఆ తర్వాత సంవత్సరమే ఊరూరా టెలివిజన్ ట్రాన్స్‌మిటర్లు లేచాయి. బళ్ళారిలోనూ బరంపురంలోనూ డాబాల మీద యాంటెనాలు మొలిచిన కాలం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

బంగాళాఖాతం ఒడ్డువారికి ఇన్సాట్ చేసిన మేలు టెలివిజన్‌కంటె పెద్దది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయారు. ఆనాడు ఆకాశంనుంచి మన సముద్రాన్ని ఎల్లవేళలా చూసే కన్ను మనకు సొంతంగా లేదు. 1990 మే 9న అంతటి బలమైన తుపానే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. అప్పటికి ఇన్సాట్ మేఘచిత్రాలు తీస్తోంది; ఉపగ్రహం ద్వారా తీరగ్రామాలకు హెచ్చరిక పంపే ఏర్పాటూ వచ్చింది. లక్షలమందిని ముందే తరలించారు. అయినా వందలమంది చనిపోయారు, కాని 1977తో పోల్చితే ఆ సంఖ్య చాలా తక్కువ. తరలింపుకు కారణాలు అనేకం ఉన్నా పైనున్న కన్ను వాటిలో ఒకటి. యానాంనుంచి గంజాం దాకా, ఇటు చెన్నపట్నం దాకా తీరం వెంబడి ఉన్న మనవాళ్ళందరికీ ఆ కన్ను కాపు కాసింది.

అందువల్లనే ఒక బిళ్ళల ప్రదర్శనలో వర్తకుడి బల్లమీద ఈ కవరు కనబడినప్పుడు నేను బేరం ఎక్కువసేపు ఆడలేదు. ఇన్సాట్ 1బి పైనే ఉండిపోయింది. ఏడేళ్ళ పనికి రూపొందించిన ఆ యంత్రం అంతకంటె ఎక్కువకాలమే పనిచేసి విశ్రమించింది. దానితోపాటు ఒకే గదిలో ఆరు రోజుల యాత్రకు బయలుదేరిన కాగితం మాత్రం కిందికి వచ్చి మన చేతికి అందింది. ఆ ఇద్దరినీ మోసిన చాలెంజర్ 1986 జనవరి 28న ఏడుగురు వ్యోమగాములతో సహా ఆకాశంలో విరిగిపోయింది. నౌక లేదు, ఉపగ్రహం లేదు, కవరు ఉంది.

మరి ఇంత చరిత్ర ఉన్న కవరు ధర ఎంత పెరిగింది? పెద్దగా పెరగలేదు. కొన్నప్పటి ధరకు అటూ ఇటూగానే ఇప్పటికీ చేతులు మారుతూంటుంది. ద్రవ్యోల్బణం తీసివేస్తే నష్టమే. అదే డబ్బు ఆనాడు పోస్టాఫీసు పొదుపులో వేసినా నయమే. కారణం స్పష్టం. రెండు లక్షల అరవై వేలమంది దగ్గర ఉన్నదానికి ఎవరూ ఎగబడరు. సీగర్ అమ్మిన కవర్లు తొంభై తొమ్మిదే కనుక వాటి ధర కొండెక్కింది. లాభానికి కొనేవారికి ఇది చేదు వార్త. ఆకాశంలోకి పోయి వచ్చినదొకటి ఇంట్లో ఉండాలనుకునేవారికి ఇదే మంచి వార్త. నా ఉద్దేశంలో ఆ యాత్రలో తపాలాశాఖ చేసిన మేలు ఇదే. తెలిసి చేసినా తెలియక చేసినా, ధర పెరగకుండా అందరికీ సరిపడా చేసింది.

అసలు పైసా పెట్టకుండా పంచినవి విత్తనాలు. 1971లో అపోలో 14లో వెళ్ళిన స్టువర్ట్ రూసా వ్యోమగామి కాకముందు అడవుల్లో మంటలార్పే ఉద్యోగం చేసినవాడు. ఆ అభిమానంతో అటవీశాఖ ఇచ్చిన సుమారు 500 చెట్టు విత్తనాలను తన సొంత సంచిలో పెట్టుకుని చంద్రుడిచుట్టూ తిప్పి తెచ్చాడు. తిరిగివచ్చాక శుద్ధిచేసే గదిలో డబ్బా పగిలి విత్తనాలు చెల్లాచెదురయ్యాయి. ఇక మొలకెత్తవనుకున్నారు. చాలావరకు మొలిచాయి. 1975, 76 సంవత్సరాల్లో ఆ మొక్కలను అమెరికా అంతటా బడుల దగ్గర, కచేరీల దగ్గర నాటారు. బ్రెజిల్‌కూ జపాన్‌కూ కూడా పంపారు. కాని ఏ మొక్క ఎక్కడ నాటారో పూర్తి చిట్టా ఎవరూ రాసి ఉంచలేదు. 1996లో ఇండియానా రాష్ట్రంలో ఒక ఉపాధ్యాయురాలు తమ ఊళ్ళోని చెట్టు గురించి రాసి అడిగిన తర్వాతనే నాసాలో ఒకాయన వెతకడం మొదలుపెట్టాడు. పాతికేళ్ళలో ఎన్నో చెట్లు, ఇవి ఫలానావని తెలియకుండానే పెరిగాయి, కొన్ని కూలిపోయాయి. చెట్టుంది, చిట్టా లేదు.

రెండో పంపకం టమాటా విత్తనాలది. 1984 ఏప్రిల్‌లో చాలెంజర్ ఒక పెద్ద పరిశోధన పెట్టెను కక్ష్యలో వదిలిపెట్టింది. అందులో కోటి ఇరవై అయిదు లక్షల టమాటా విత్తనాలున్నాయి. ఏడాదిలోపు తేవలసినదాన్ని చాలెంజర్ ప్రమాదం తదితర కారణాలవల్ల 1990 జనవరిలో కొలంబియా వెళ్ళి తెచ్చింది. దాదాపు ఆరేళ్ళు పైన ఉన్న ఆ విత్తనాలను బడిపిల్లలకు ఉచితంగా పంచారు. పోల్చి చూడడానికి భూమ్మీదే ఉన్న విత్తనాలు కూడా ఇచ్చారు. అవీ మొలిచాయి. పిల్లలు నాటారు, నీళ్ళు పోశారు, కొలిచారు, లెక్కలు రాసి పంపారు. దాచుకుంటే బీరువాలో ఉండే గుర్తు కన్నా నాటితే కాయకాసే గుర్తు గొప్పది కాదా!

కొనదలచినవారికి బ్యాంకు మనిషిగా ఒక మాట చెబుతాను. ఇల్లు తాకట్టు పెట్టుకునేటప్పుడు మేము గోడలు ఎంత బలంగా ఉన్నాయన్నది తర్వాత చూస్తాం. ముందు లింకు డాక్యుమెంట్లు అడుగుతాం. ఎవరినుంచి ఎవరికి, ఏ తేదీన, ఏ కాగితం మీద చేతులు మారిందో గొలుసు తెగకూడదు. ఆకాశం చూసివచ్చిన వస్తువుకూ అదే సూత్రం. 2015లో అమెరికాలో ఒక మహిళ ప్రభుత్వపు వేలంలో 995 డాలర్లకు ఒక తెల్లసంచి కొన్నది. అనుమానం వచ్చి పరీక్షకోసం నాసాకు పంపితే, అది అపోలో 11లో చంద్రుడి మట్టి తెచ్చిన సంచి అని తేలింది. జాబితాలో నంబర్లు తారుమారై అలా వేలానికి వచ్చింది. నాసా తిరిగి ఇవ్వనంది. కోర్టు ఆమె సద్బుద్ధితో కొన్న యజమానురాలని తీర్పు చెప్పింది. 2017 జూలై 20న అది 18 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. సంచి అదే, మట్టి అదే. మధ్యలో ఒక నంబరు తప్పు పడితే వెయ్యి డాలర్లు, సరిపడితే పద్ధెనిమిది లక్షలు.

వ్యోమగాములకు కూడా కాగితం లేని కష్టం తప్పలేదు. 2011లో అపోలో 13 నాయకుడు జిమ్ లోవెల్ ఆ యాత్రలో తాను లెక్కలు వేసుకున్న పుస్తకాన్ని వేలం వేస్తే 3,88,375 డాలర్లు పలికింది. అది నీదేనా అని నాసా అడ్డుపడింది. ఆనాడు అధికారులు నోటిమాటగా ఇచ్చినవాటికి రసీదులు ఎక్కడివి? చివరికి 2012లో అమెరికా చట్టమే చేసి, అపోలో కాలం వరకు వ్యోమగాములు తెచ్చుకున్న వస్తువులు వారివేనని తేల్చింది.

ఈ సందర్భంలో మన ఇళ్ళసంగతి కూడా ఒకటి చెప్పాలి. నాలుగైదు తరాల కిందట తెలుగునాటినుంచి వచ్చి తంజావూరులోనో షోలాపురంలోనో స్థిరపడిన మనవాళ్ళ ఇళ్ళలో వెంట తెచ్చుకున్న ఇత్తడిబిందెలూ తాళపత్రాల కట్టలూ సన్నెకల్లూ ఉంటాయి. అవి ఏ ఊరినుంచి ఎవరు తెచ్చారో తాతగారికి తెలుసు. రాసిపెట్టలేదు. మనవడికి అది పాతసామాను. చంద్రుడి చెట్లకు పట్టిన గతే వాటికీ పడుతోంది. ఒక చీటీ రాసి బిందెకు కట్టడానికి ఖర్చేమీ లేదు.

మన దేశానికి ఈ సంప్రదాయం కొత్తదేమీ కాదు. 1934నుంచి పదేళ్ళపాటు కలకత్తాకు చెందిన స్టీఫెన్ స్మిత్ చిన్న రాకెట్లలో ఉత్తరాలు పెట్టి నదుల మీదుగా, సిక్కిం కొండల మీదుగా పంపాడు. ఒకసారి కోడినీ పుంజునూ కూడా పంపాడు. అవి క్షేమంగా దిగాయి. ఆ రాకెట్లు అంతరిక్షం దాకా పోలేదు గాని ఆ కవర్లకోసం సేకర్తలు ఇప్పటికీ వెతుకుతారు. 1992లో మన తపాలాశాఖ ఆయన పేర బిళ్ళ వేసింది. 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ సోయుజ్ టి 11లో వెళ్ళినప్పుడూ బిళ్ళ వేసింది. 2007 జనవరి 10న శ్రీహరికోటనుంచి పి.ఎస్.ఎల్.వి. మోసుకుపోయిన ఒక చిన్న పేటికను పన్నెండు రోజులు కక్ష్యలో తిప్పి, జనవరి 22న బంగాళాఖాతంలో దింపి మనవాళ్ళు వెలికితీశారు. మన ఒడ్డునుంచి పోయి మన సముద్రానికే తిరిగివచ్చిన మొదటి వస్తువు అది. 2025లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో పెసలూ మెంతులూ మొలకెత్తించాడు. అమెరికాలో ఒక ప్రైవేటు సంస్థ 2019నుంచి పిల్లలు రాసిన పోస్టుకార్డులను తన రాకెట్లో పైకి తీసుకుపోయి, ముద్రవేసి ఉచితంగా తిరిగి పంపుతూ వచ్చింది.

మన గగన్‌యాన్‌కు సన్నాహాలు జరుగుతున్నాయి. దాంట్లో మనుషులు వెళ్ళే రోజున ఒక తపాలా సంచికి కూడా చోటివ్వమని అడగవచ్చు. దొంగచాటుగా జేబులో కాకుండా, ముందే ప్రకటించి, లెక్కకట్టి, ఏ విద్యార్థి అయినా కొనగల ధర పెట్టి. పులికాట్ సరస్సు పక్కన, తెలుగూ తమిళమూ కలిసే శ్రీహరికోట తపాలా ముద్ర దాని మీద వెయ్యాలి. దానితోపాటు గుప్పెడు పెసలు ఊరి బడులకు పంచినా సంతోషమే. లాభం వచ్చే వ్యాపారమని నేను పూచీ ఇవ్వలేను. చాలెంజర్ కవరు నలభై ఏళ్ళలో నేర్పిన పాఠం దీనికి విరుద్ధంగానే ఉంది. కాని అందరి సొమ్ముతో ఎగిరే నౌకలో అందరికీ ఒక పిసరు వాటా ఉండాలంటే, దానికి చీటీతో సహా సాక్ష్యం ఉండాలంటే, ఇంతకంటె చవకైన దారి నాకు కనబడటం లేదు.